సటిల్‌గా చెప్పడమా, భయపడి దాచడమా? గురవరాజు కేళిక నుంచి కల్కి దాకా

ఈ ఎపిసోడ్ నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

పోయిన నెల గొల్లకలాపం మీద ఒక వీడియో రికార్డ్ చేశాను. అందులో కులం గురించి ఒక రెండు నిమిషాల ముక్క ఉంది. అర్ధరాత్రి ఎడిటింగ్‌లో కూర్చుని ఆ రెండు నిమిషాలు లేపేశాను. నాతో పాటు వీడియోలు చూసిపెట్టే ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు. పొద్దున్నే ఫోన్ చేసి, "ఏరా, అసలు పాయింటే తీసేశావేంటి?" అన్నాడు. "కొంచెం సటిల్‌గా ఉంటే బాగుంటుందని" అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, "సటిల్ కాదులే, నీకు భయమేసింది" అన్నాడు.

ఆ వీడియో నేను ఇంకా పెట్టలేదు. వాడి మాట మాత్రం పట్టుకుంది. ఎందుకంటే సటిల్ అనే మాట నాకు చాలా ఇష్టమైన మాట. బీటెక్ హాస్టల్లో రాత్రి రెండింటి దాకా సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు చూసే బ్యాచ్ మాది. అప్పట్నుంచీ నా వాదన ఒకటే: "పాత సిరీస్‌లలో రాజకీయం ఉన్నా తెలిసీ తెలియకుండా ఉండేది. ఇప్పుడు ప్రతిదాంట్లో మెసేజ్ పట్టుకొచ్చి మొహాన కొడుతున్నారు." మీలో కూడా చాలామంది ఇదే అనుకుంటూ ఉంటారు. ఉద్యోగం చేసే రోజుల్లో క్యాంటీన్‌లో కూడా ఇదే పాట పాడాను.

ఈ రోజు ఆ వాదన నిజంగా నిలబడుతుందా లేదా చూద్దాం. ముందు పెద్ద ఫ్రాంచైజ్‌లు మూడు చూసి, తర్వాత విజయవాడ నుంచి గంటన్నర ప్రయాణంలో ఉన్న కూచిపూడికి వద్దాం. స్టార్ ట్రెక్‌కీ కూచిపూడికీ సంబంధం ఏంటి అంటారా? ఉందండి. చివరిదాకా ఉండండి.

పాతవి అంత సటిల్‌గా ఉండేవా?

మొదట స్టార్ ట్రెక్. చూడనివాళ్ల కోసం ఒక్క ముక్కలో: ఒక అంతరిక్ష నౌక, అందులో రకరకాల దేశాలవాళ్లు, గ్రహాంతరవాసులు, వారానికో కొత్త గ్రహం. 1966 సెప్టెంబర్‌లో అమెరికా టీవీలో మొదలైంది. ఇప్పటికీ కొత్త సిరీస్‌లు వస్తూనే ఉన్నాయి.

1969 జనవరిలో ఒక ఎపిసోడ్ వచ్చింది. అందులో ఇద్దరు గ్రహాంతరవాసులు ఉంటారు. ఇద్దరి మొహాలూ నిలువునా సగం నలుపు, సగం తెలుపు. ఒకడు ఇంకొకణ్ణి వేటాడుతూ వస్తాడు. నౌకలో వాళ్లకి అసలు అర్థం కాదు, ఇద్దరూ ఒకేలా ఉన్నారు కదా, మీకు గొడవ ఏంటి అని. అప్పుడు ఆ వేటాడేవాడు చెప్తాడు: నాకు నలుపు కుడివైపు ఉంది, వాడికి ఎడమవైపు ఉంది, ఆ మాత్రం కనపడట్లేదా అని. చివరికి వాళ్ల గ్రహానికి వెళ్లి చూస్తే అక్కడ ఒక్క ప్రాణి మిగల్లేదు. అందరూ ఒకరినొకరు చంపుకున్నారు. అయినా ఈ ఇద్దరూ ఆ శవాల గ్రహం మీద కూడా ఒకణ్ణొకడు తరుముకుంటూనే ఉంటారు.

మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు చెప్పండి, ఇది సటిల్‌గా ఉందా? సగం నలుపు సగం తెలుపు మొహం కంటే బాహాటంగా ఇంకేం చెప్పగలరు?

ఆ సిరీస్ నిండా ఇలాంటివే. రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుంటే 1967లో నౌక నడిపేవాళ్లలో ఒక రష్యన్ కుర్రాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. నల్లజాతి ఆడవాళ్లకి టీవీలో పనిమనిషి పాత్రలే ఎక్కువగా దొరికే రోజుల్లో నిషెల్ నికల్స్‌ని ఆఫీసర్ యూనిఫాంలో చూపించారు. మనం పుట్టకముందే ఆ గొడవలు చల్లారిపోయాయి కాబట్టి మనకి అది "కూల్ పాత సిరీస్" లాగా కనిపిస్తుంది.

రెండోది గాడ్జిల్లా. ఇది నన్ను నిజంగా కదిలించిన కేసు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలో బికినీ దీవుల దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. చాలా దూరంలో చేపలు పడుతున్న జపాన్ పడవ ఒకటి ఉంది. దాని మీద బూడిద రాలింది. పడవలో 23 మంది. అందరికీ రేడియేషన్ జబ్బు చేసింది. సెప్టెంబర్‌లో వాళ్లలో ఒకాయన చనిపోయాడు. అదే ఏడాది నవంబర్ 3న గాడ్జిల్లా సినిమా రిలీజ్ అయింది. మొదటి సీన్ ఏంటో తెలుసా? సముద్రంలో ఒక ఓడ, ఒక్కసారిగా కళ్లు జిగేల్‌మనే వెలుగు, ఓడ తగలబడిపోతుంది. థియేటర్లో కూర్చున్న జపాన్ ప్రేక్షకుడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. డైరెక్టర్ ఇషిరో హోండా సైన్యంలో పనిచేసి, యుద్ధం అయ్యాక ఇంటికొస్తూ హిరోషిమా శిథిలాలు కళ్లారా చూసినవాడు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 1956లో అదే సినిమాని అమెరికాలో రిలీజ్ చేశారు. ఒక అమెరికన్ నటుణ్ణి పెట్టి కొత్త సీన్లు తీసి అతికించారు. పాత సీన్లు బోలెడు కోసేశారు. అసలు సినిమాలో రైల్లో ఒక అమ్మాయి, నాగసాకి బాంబు నుంచి బతికి బయటపడ్డాను, ఇప్పుడు ఇది వచ్చి పడిందా అన్నట్టు మాట్లాడుతుంది. ఆ సీన్ అమెరికా కాపీలో లేదు. ఎవరు వేశారో ఆ బాంబు, ఆ దేశం ప్రేక్షకులకి ఆ మాట వినపడకుండా చేశారు. మిగిలింది ఏంటి? ఒక పెద్ద బల్లి, కూలిపోయే బిల్డింగులు. ప్రపంచంలో చాలామందికి మొదట తెలిసిన గాడ్జిల్లా ఈ కోసిన గాడ్జిల్లాయే. "ఇది మామూలు రాక్షసి సినిమా కదా, ఇందులో రాజకీయం ఎక్కడుంది" అని చాలా ఏళ్లు అనుకున్నారంటే, ఉన్నదాన్ని కత్తిరించి ఇచ్చారు కాబట్టి.

మూడోది డాక్టర్ హూ, బ్రిటన్‌ది, 1963లో మొదలైంది. అందులో డాలెక్‌లని ఉంటాయి, డబ్బాల్లాంటి శత్రువులు. తమ జాతి తప్ప మిగతావన్నీ అంతం కావాలని అరుస్తూ తిరుగుతాయి. రాసినాయన టెర్రీ నేషన్ నాజీలని మనసులో పెట్టుకుని రాశాడు. ప్రేక్షకుల ఇళ్లలో నాజీ బాంబులు చూసిన అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్లకి అది సూటిగా తగిలింది. పిల్లలకి బొమ్మగా కనిపించింది. 1988లో అదే సిరీస్‌లో, బాధపడటం నేరం అయిన ఒక గ్రహాన్ని చూపించారు. దాన్ని పాలించే ఆవిడ మార్గరెట్ థాచర్‌కి నకలు. ఆవిడ అప్పుడు గద్దె మీదే ఉంది.

ఈ మూడూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. పాత కథలు సటిల్‌గా ఏమీ లేవు. అవి కొట్టిన దెబ్బ మనకి తగలదు, అంతే. దెబ్బ తగలాల్సినవాళ్లు పోయారు, లేదా వేరే దేశంలో ఉన్నారు. మనకి తగలని రాజకీయం మనకి సటిల్‌గా కనిపిస్తుంది. మనకి తగిలింది మాత్రం "మొహాన కొట్టినట్టు" ఉంటుంది.

అయితే నా ప్రశ్న ఇక్కడితో అయిపోలేదు. ఎందుకంటే నిజంగా దాచి చెప్పడం అనేది ఒకటి ఉంది. అది ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పిరికితనం అవుతుంది? దీనికి జవాబు వెతకాలంటే అరవై ఏళ్ల ఫ్రాంచైజ్ సరిపోదు. అయిదొందల ఏళ్లది కావాలి.

పామర్రు దాటాక

పామర్రు దాటి మొవ్వ వైపు వెళ్తుంటే కూచిపూడి వస్తుంది. చిన్న ఊరు. రెండు వైపులా వరి చేలు, కాలవ, కొబ్బరి చెట్లు. బోర్డు చూడకపోతే దాటిపోతారు. ప్రపంచమంతా తెలిసిన ఒక నాట్యం పేరు ఈ ఊరి పేరే.

మనం ఇప్పుడు కూచిపూడి అంటే స్టేజ్ మీద ఒక్క అమ్మాయి సోలోగా చేసే డాన్స్ అనుకుంటాం. అసలు అది నాటకం. ఊరూరూ తిరిగే మగవాళ్ల మేళం. వాళ్లని భాగవతులు అనేవాళ్లు. రాత్రి మొదలుపెడితే తెల్లారేదాకా ఆడేవాళ్లు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ వేషం ఈ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా కట్టాలని ఆచారం. మన కాలానికి దగ్గర్లో వేదాంతం సత్యనారాయణశర్మ గారు ఆ వేషం కడితే జనం నోరెళ్లబెట్టి చూసేవాళ్లు.

దీన్ని ఫ్రాంచైజ్ లెక్కన చూడండి. పాత్రలు అవే: సత్యభామ, కృష్ణుడు, ప్రహ్లాదుడు, హిరణ్యకశిపుడు. నటులు తరానికోసారి మారతారు. చూసేవాళ్లకి కథ ముందే తెలుసు. "మా తాత చూసిన సత్యభామ ముందు ఈ సత్యభామ ఏపాటి" అనే ఫ్యాన్ గొడవలు కూడా సేమ్. మరి ఇందులో రాజకీయం ఉందా?

కడప జిల్లా సిద్ధవటం దగ్గర మాచుపల్లి అనే ఊరుంది. దాని మీద ఒక కైఫియతు ఉంది. కైఫియతు అంటే ఊరి చరిత్ర. 1800 తర్వాతి ఏళ్లలో కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి మన వాళ్లని పెట్టుకుని ఊరూరా ఇలాంటివి రాయించాడు. ఆ మాచుపల్లి కైఫియతులో కూచిపూడి భాగవతుల ప్రస్తావన ఉంది.

కథ ఇలా నడుస్తుంది. విజయనగర రాజుల కింద సిద్ధవటం సీమని సమ్మెట గురవరాజు అనే అతను ఏలుతున్నాడు. డబ్బు కోసం జనాన్ని పీడిస్తాడు. ఇవ్వలేనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లని పట్టుకొచ్చి, ఇక్కడ వర్ణించలేనంత దారుణంగా హింసిస్తాడు. ఊళ్లు తిరుగుతూ అటు వెళ్లిన కూచిపూడి మేళం అది చూసింది. అక్కడ ఏమీ మాట్లాడలేదు. నేరుగా విజయనగరం వెళ్లింది. రాజు ముందు ఆడే అవకాశం దొరికింది. రాజు వీరనరసింహరాయలు, అంటే శ్రీకృష్ణదేవరాయల అన్నగారు. 16వ శతాబ్దం మొదటి ఏళ్ల సంగతి.

ఆ రోజు వాళ్లు ఒక కేళిక కట్టారు. ఒకరు గురవరాజు వేషం, ఒకరు ఆడమనిషి వేషం. సిద్ధవటంలో ఏం జరుగుతుందో అది ఆడి చూపించారు. రాజు చూశాడు. ఇదేంటని విచారించాడు. సంగతి తెలిసి సైన్యాన్ని పంపాడు. గురవరాజుని పట్టుకుని తల తీయించారు. అదీ కైఫియతు చెప్పేది.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఇది జరిగాక దాదాపు మూడొందల ఏళ్లకి రాసుకున్న మాట. నోటి మాటగా వచ్చేటప్పుడు కథకి నగలు తొడుగుతారు. కాబట్టి ప్రతి వివరం అక్షరాలా ఇలాగే జరిగిందని నేను అనను. కానీ మూడొందల ఏళ్ల తర్వాత కూడా కడప జిల్లాలో ఒక ఊరు, ఎక్కడో కృష్ణా డెల్టా నుంచి వచ్చిన నాటకంవాళ్లని ఈ పని చేసినవాళ్లుగా గుర్తుపెట్టుకుంది. నాకు ఆ గుర్తు చాలా విలువైనది.

సరే, ఇంజనీర్ బుర్రతో దీన్ని విప్పి చూద్దాం. ఈ కేళికలో దాచింది ఏంటి, దాచనిది ఏంటి?

విషయం అస్సలు దాచలేదు. పురాణంలో హిరణ్యకశిపుణ్ణి చూపించి, రాజు తనంతట తనే అర్థం చేసుకుంటాడులే అని వదిలేయలేదు. గురవరాజునే చూపించారు. స్టార్ ట్రెక్ సగం సగం మొహాల కంటే ఇది సూటి. మరి జాగ్రత్త ఎక్కడ పడ్డారు? చోటు విషయంలో. సిద్ధవటంలో ఆడితే వాళ్ల తలలే పోయేవి. గురవరాజు పైవాడి దగ్గర ఆడారు. ఇంకోటి, వేషం. సభలో నిలబడి ఫిర్యాదు చేస్తే అది ఒక సామంతుడి మీద నేరారోపణ. రాజుకి నచ్చకపోతే చెప్పినవాడి గతి ఏంటి? వేషం కట్టి ఆడితే అది "ఆట". రాజుకి కోపం వస్తే, అయ్యా, ఇది ఆట అని తప్పుకునే దారి కొంచెం ఉంటుంది.

అంటే వాళ్లు నిజాన్ని పలచన చెయ్యలేదు. నిజం చెప్పిన మనిషి ప్రాణాలతో బయటపడే దారి చూసుకున్నారు. నా ఫ్రెండ్ అన్న మాటకి జవాబు నాకు ఇక్కడ దొరకడం మొదలైంది. గాడ్జిల్లా అమెరికా కాపీలో జరిగింది దీనికి సరిగ్గా తిరగేసిన పని. అక్కడ ప్రమాదం ఎవరికీ లేదు, చూసేవాళ్లకి ఇబ్బంది కలగకూడదని నిజాన్నే తీసేశారు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ కేళికలో హింస పడిన ఆడమనిషి వేషం కట్టింది మగవాడు. నిజంగా ఆ బాధ పడిన సిద్ధవటం ఆడవాళ్లు ఆ సభలో లేరు. వాళ్ల పేర్లు కైఫియతులో నాకు కనపడలేదు. గురవరాజు పేరు మిగిలింది, మేళం పేరు మిగిలింది, రాజు పేరు మిగిలింది. కథ ఎవరికోసం చెప్పారో వాళ్ల పేర్లే మిగల్లేదు.

చల్లమ్మే ఆవిడ అడిగిన ప్రశ్న

కేళికలో వేలెత్తి చూపించింది బయటివాణ్ణి. తమవాళ్ల వైపే వేలు తిప్పితే? అదీ ఈ ఊళ్లోనే జరిగింది.

19వ శతాబ్దంలో భాగవతుల రామయ్య అనే ఆయన గొల్లకలాపం రాశాడు. నేను కోసేసిన రెండు నిమిషాలు దీని గురించే. పాలూ చల్లా అమ్ముకునే గొల్లభామ ఒకవైపు, చదువుకున్న బ్రాహ్మణుడు ఇంకోవైపు. ఆయన ఆవిణ్ణి తేలిగ్గా తీసుకుంటాడు. తర్వాత రాత్రంతా వాదం. మొదట నవ్వు, వెటకారం. మెల్లగా లోతుకి వెళ్తుంది. ఆవిడ పిండోత్పత్తి క్రమం చెప్తుంది. అంటే తల్లి కడుపులో బిడ్డ ఎలా ఏర్పడుతుంది, నెల నెలకీ ఎలా పెరుగుతుంది అని, ఆ కాలానికి తెలిసిన శాస్త్రం ప్రకారం వరసగా చెప్తుంది. యజ్ఞం గురించి చెప్తుంది. అందరూ ఒకేలా కడుపులో పడి ఒకేలా పుట్టినప్పుడు పుట్టుకతో ఎవడు గొప్ప, నడవడితో కదా గొప్ప అనే చోటికి ఆయన్ని నడిపించుకుంటూ తీసుకెళ్తుంది.

నాకు ఇది సైన్స్ ఫిక్షన్‌కి చుట్టరికం ఉన్న కథలాగా అనిపిస్తుంది. ఒక శాస్త్ర విషయాన్ని తీసుకుని, దాన్ని సమాజం మీదకి తిప్పి ప్రశ్న అడగడం. స్టార్ ట్రెక్ చర్మం రంగుతో చేసింది, ఈవిడ పిండంతో చేసింది.

రాసింది ఎవరు? బ్రాహ్మణుడు. ఆడింది ఎవరు? బ్రాహ్మణ మేళం. గొల్లభామ వేషం కట్టింది కూడా బ్రాహ్మణ మగవాడే. చూసేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. వాదంలో ఓడిపోయేది తమ కులం పండితుడే. ఇది ఎలా సాగిందంటే, ఇక్కడ కూడా వేషం కాపాడింది. అడిగింది గొల్లభామ, మేము కాదు అనొచ్చు. కానీ ప్రశ్న మాత్రం పూర్తిగా అడిగారు.

దీన్ని నేను మరీ ఆకాశానికెత్తట్లేదు. గొల్లకలాపం ఆడిన ఊళ్లలో మర్నాడు పొద్దున్న కులం మాయమైపోలేదు. ఆ మేళాల్లోకి వేరే కులాలవాళ్లూ ఆడవాళ్లూ రావడానికి 20వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. వేదిక మీద ఓడిపోవడం తేలిక, వేదిక దిగాక చోటివ్వడం కష్టం. అయినా ఆ ప్రశ్న నలుగురిలో గట్టిగా పలికింది. నేను మూడు వేల మంది చూసే వీడియోలో దాన్నే కోసేశాను. ఆయన రాత్రంతా చెప్పింది నేను రెండు నిమిషాలు కూడా ఉంచలేకపోయాను.

వేషం తీసేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు 20వ శతాబ్దానికి వద్దాం. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మం 1938లో మాలపిల్ల తీశాడు, అంటరానితనం మీద. 1939లో రైతుబిడ్డ తీశాడు, జమీందారీ మీద. ఈ రైతుబిడ్డలో కూచిపూడి కుర్రాడు ఒకడు డాన్స్‌తో సినిమాల్లోకి వచ్చాడు. ఆయనే వేదాంతం రాఘవయ్య. తర్వాత 1953లో దేవదాసు డైరెక్ట్ చేసింది ఈయనే. అంటే అయిదొందల ఏళ్ల మేళం తిన్నగా సినిమాలోకి నడిచొచ్చింది.

రైతుబిడ్డకి వెనకున్న సారథి సంస్థ వెనకాల చల్లపల్లి జమీందారు ఉన్నాడు. చల్లపల్లి కూచిపూడికి పక్కనే. జమీందారీ మీద సినిమాకి జమీందారు డబ్బు! ఇది వింతగా ఉంటుంది గానీ, రామయ్య గారి గొల్లకలాపం చూశాక నాకు అంత వింతగా అనిపించలేదు.

ఈ సినిమాలో గ్రహాలు లేవు, పురాణం లేదు, వేషం లేదు. రైతు, జమీందారు, ఎన్నికలు. అంతే. వేరే పెద్ద జమీందారులకి మండింది, కొన్నిచోట్ల సినిమా ఆడనివ్వలేదు. ఆ తర్వాత సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన మా భూమి నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. దాని మీదా నిషేధం పడింది.

కాబట్టి వేషం తీసేస్తే ఖరీదు ఉంటుంది. ఇది ఒప్పుకోవాలి. అందుకే నేను, దాచి చెప్పినవాళ్లందరూ పిరికివాళ్లు అనను. రైతుబిడ్డ చేసిన పని గొప్పది, కేళిక చేసిన పనీ గొప్పదే. దారులు వేరు.

2504, 2898

ఇక మన సైన్స్ ఫిక్షన్. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి ఆదిత్య 369 వచ్చింది. టైమ్ మెషీన్ ఎక్కి బాలకృష్ణ విజయనగరం వెళ్తాడు, శ్రీకృష్ణదేవరాయల కాలానికి. అంటే కేళిక జరిగిందని చెప్పే ఆ సభకి, కొద్ది ఏళ్ల తేడాతో. ఆ భాగం మనందరికీ గుర్తుంది. తెనాలి రామకృష్ణుడు, పాటలు, డాన్స్ పోటీ. ఆ తర్వాత మెషీన్ 2504కి వెళ్తుంది. అక్కడ ఏముంది? మూడో ప్రపంచ యుద్ధం అయిపోయింది. పైన రేడియేషన్. మనుషులు భూమి లోపల బతుకుతున్నారు. గల్ఫ్ యుద్ధం జరిగిన ఏడాది వచ్చిన సినిమా అండి ఇది. నేను చిన్నప్పుడు టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఒక్కసారి కూడా "రాజకీయం" అనిపించలేదు. గాడ్జిల్లా చెప్పిన మాటే, మనకి పిల్లల సినిమాలో చెప్పారు.

2024లో కల్కి 2898 ఏడీ వచ్చింది. నాగ్ అశ్విన్ గారు దీన్ని ఒక పెద్ద ఫ్రాంచైజ్‌కి మొదలుగా తీశారు. ఫైట్లూ బుజ్జి కారూ పక్కన పెట్టి ఆ ప్రపంచాన్ని చూడండి. కాశీ ఎండిపోయింది, గంగలో నీళ్లు లేవు. పైన కాంప్లెక్స్ అనే తలకిందుల పిరమిడ్. నీళ్లు, చెట్లు, మంచి తిండి అన్నీ దాని లోపలే. లోపలికి పోవాలంటే యూనిట్లు కట్టాలి. హీరోకి ఉన్న ఆశ కూడా విప్లవం కాదు, ఎలాగోలా యూనిట్లు కూడబెట్టి లోపల పడటం. కింద నుంచి పట్టుకుపోయిన ఆడవాళ్లకి పేర్లు ఉండవు, నంబర్లు ఉంటాయి. వాళ్ల గర్భాలు ల్యాబ్‌లో ముడిసరుకు.

నేను హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో పనిచేసినప్పుడు గేటు బయట ట్యాంకర్ కోసం బిందెలతో క్యూ ఉండేది, గేటు లోపల లాన్‌కి స్ప్రింక్లర్లు తిరుగుతుండేవి. కాంప్లెక్స్ చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. యూనిట్లు కూడబెట్టుకుని లోపల పడాలనుకున్నవాణ్ణి నేను కూడా. మరి థియేటర్ బయటికొచ్చాక మనం ఏం మాట్లాడుకున్నాం? ఎవరు గెస్ట్ రోల్ చేశారు, రెండో పార్ట్ ఎప్పుడు. సినిమా దాచలేదండి. దెబ్బ మన వైపు వస్తుంటే మనమే తల తిప్పుకున్నాం.

మరి బోధ సంగతి?

అవతలివాళ్ల మాట కూడా వినాలి కదా. మెసేజ్ పేరుతో చెత్తగా రాసేవాళ్లు లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. కథ ఆపి, పాత్ర కెమెరా వైపు తిరిగి ఉపన్యాసం దంచితే నాకూ విసుగే. కానీ అక్కడ తప్పు రాజకీయంది కాదు, పనితనానిది. కేళికలో మేళం రాజుకి రాజధర్మం మీద ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక ఆడమనిషి పడ్డ బాధ ఆడి చూపించింది. గొల్లభామ కులం తప్పు అని ప్లకార్డు పట్టుకోలేదు, ఎదుటివాడి ప్రశ్నకి జవాబు చెప్తూ చెప్తూ అక్కడికి తీసుకెళ్లింది. చెప్పింది రాజకీయమే, కానీ ఆట ఎక్కడా ఆగలేదు.

అందుకే ఇక మీదట నేను "ఇది మరీ ఎక్కువైంది" అనే ముందు నన్ను నేను రెండు ప్రశ్నలు అడుక్కుంటాను. కథ నిజంగా ఆగిపోయిందా, లేక దెబ్బ నాకు తగిలిందా? ఇక నేను ఏదైనా చెప్పేటప్పుడు అడుక్కోవాల్సింది ఇంకోటి. నేను దారి మార్చుకుంటున్నానా, లేక మాటనే మింగేస్తున్నానా?

నాకు సిద్ధవటం గురవరాజు లేడు. నా తల ఎవరూ తీయరు. మహా అయితే కొంతమంది అన్‌సబ్‌స్క్రైబ్ కొడతారు, చుట్టాల వాట్సాప్ గ్రూప్‌లో ఒక బాబాయ్ కోప్పడతాడు. దానికి నేను వేసుకున్న పేరు సటిల్. నా ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్.

కాబట్టి ఆ రెండు నిమిషాలు తిరిగి పెట్టేశాను. గొల్లకలాపం ఎపిసోడ్ వచ్చే ఆదివారం, కోత లేకుండా. చూసి, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. కానీ చెప్పే ముందు ఆ మొదటి ప్రశ్న మీరు కూడా ఒక్కసారి అడుక్కోండి.

ఈలోపు ఆదిత్య 369 ఇంకోసారి చూడండి. పాటల దగ్గర ఆపెయ్యకుండా, 2504 దాకా. ఉంటానండి.